జేబు మీద చార

చొక్కాను వాలుబల్ల మీద పరిచి, ఒక చేత్తో కాలరూ ఇంకో చేత్తో కింది అంచూ బిగపట్టి, కుడికన్ను మూసేసి, ఎడమకన్నును జేబు ఎత్తుకు దించి చూడటం చెకింగ్ అక్క పద్ధతి. వడ్రంగి చెక్క అంచు చూసుకునే తీరే అది. రెండు కళ్ళూ తెరిస్తే బట్ట కనిపిస్తుంది, ఒకటి మూస్తేనే కుట్టు కనిపిస్తుంది అనేది ఆమెకు పని నేర్పిన ముసలామె. అందుకే కుట్టుమిషన్ల హాల్లో ఎదురుగా అందరూ ఆమెను అక్కా అంటారు, వెనక్కి తిరగగానే ఒంటికన్ను అంటారు. ఆ రెండో పేరు ఆమెకు తెలియనిది కాదు. తెలిసి, లోలోపల కాస్త మురిసిపోయేది కూడా.

ఆ వారం చారల చొక్కాలు వచ్చాయి. అంతకుముందు చాలాకాలం తెల్లవీ లేత నీలివీ నడిచాయి. సాదా చొక్కా అమాయకపుది, చిన్నాచితకా తప్పును కడుపులో దాచుకుంటుంది. చారల చొక్కా అలా కాదు, దాని బండారమంతా జేబు దగ్గర బయటపడుతుంది. జేబు మీది చార రొమ్ము మీది చారలో కలిసిపోవాలి. అక్కడ జేబు ఉందని చెయ్యి పెడితే గానీ తెలియకూడదు.

చెకింగ్ అక్క గురి చూసింది. జేబు అంచు దగ్గర చార పొట్ట ఉబ్బినట్టు వంగి ఉంది. ఎర్ర బాణం స్టిక్కరు ఒకటి ఒలిచి అక్కడ అంటించింది. తర్వాతి చొక్కా తీసింది. అదీ వంకరే. ఆ తర్వాతిదీ అంతే. భోజనాల గంట కొట్టేసరికి పక్కనున్న తోపుడుబండి ఎర్ర బాణాల చొక్కాలతో నిండిపోయింది. ఆమె తల ఊపుకుంటూ జేబుల మిషను వైపు చూసింది.

ఆ లైనులో జేబులు కుట్టేది ఒక్కతే. నోరు తెరిస్తే నాలుగు వైపులా నిప్పురవ్వలే కాబట్టి టపాకాయ అని పేరు. చెయ్యి మాత్రం మంచిది, ఆ సంగతి చెకింగ్ అక్కకూ తెలుసు. అందుకే మరీ ఒళ్ళు మండింది. చేతకానివాళ్ళు పాడుచేస్తే జాలేస్తుంది, చేతనైనవాళ్ళు పాడుచేస్తే పొగరనిపిస్తుంది.

“ఏంటక్కా, నా మీద ఏమన్నా పగా?” అంటూ టపాకాయ మిషను ఆపి వచ్చింది.

“నాకెందుకే పగ? చూడు, చార ఎలా పాకిందో. పాము కూడా ఇంతకన్నా తిన్నగా పోతుంది.”

టపాకాయ చొక్కా లాక్కుని ట్యూబులైటు కిందికి ఎత్తింది. “ఇది వంకరా? నా ముక్కు వంకర అను, ఒప్పుకుంటా. మా ఆయన బుద్ధి వంకర అను, వేలిముద్ర వేయించుకొస్తా. ఈ జేబు వంకర అంటే మాత్రం ఊరుకోను.”

చుట్టుపక్కల మిషన్ల వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు చెకింగ్ అక్కకు గుచ్చుకుంది. టపాకాయ మెళ్ళో ఉన్న టేపు తీసి జేబు మీద పెట్టబోతే అక్క చేత్తో తోసేసింది.

“టేపు చెప్పేది నాకొద్దు, కన్ను చెప్పాలి. కొనుక్కునేవాడు టేపు పట్టుకుని తొడుక్కోడు.”

“కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటే ఇదే.”

“ఆడలేక మద్దెల ఓడందట నీలాంటిదే ఒకత్తి.”

గొడవ విని ఫ్లోర్ ఇన్‌ఛార్జి వచ్చాడు. పాపం కుర్రవాడే, కానీ గంటగంటకూ ఎన్ని ముక్కలు లేచాయో రాసే బోర్డు వైపు చూసి చూసి మెడ ఒక పక్కకు తిరిగిపోయినవాడు. చొక్కాను చేయి చాచి పట్టుకుని ఒక్క క్షణం చూశాడు. వంకర అని ముందే విన్నవాడికి వంకరే కనిపిస్తుంది.

“అక్క బాణం వేసిందంటే వేసిందే,” అన్నాడు. “నువ్వు కొన్నాళ్ళు దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చో. జేబులు కాలర్ల ఆవిడ చూసుకుంటుంది. ఆ బండిలోవన్నీ విప్పి మళ్ళీ కుట్టండి.”

దారాల బల్ల దగ్గర కూర్చునేది నిన్న గాక మొన్న చేరినవాళ్ళూ, చేతులు వణికే వయసువాళ్ళూ. టపాకాయ తన కుర్చీ మీది మెత్త, కత్తెర, నీళ్ళసీసా తీసుకుని హాలు ఆ చివరికి నడిచింది. చెకింగ్ అక్క తర్వాతి చొక్కా బల్ల మీద పరిచింది.

మర్నాడు కాలర్ల ఆవిడ కుట్టిన జేబులు వచ్చాయి. అవీ వంకరే. చెకింగ్ అక్కకు తల తిరిగిపోయింది. ఇంత పెద్ద హాల్లో చార తిన్నగా కూర్చోబెట్టే చెయ్యే లేకుండా పోయిందా అని గొణుక్కుంటూ స్టిక్కర్లు వేసింది. కాలర్ల ఆవిడ మెత్తటి మనిషి, పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది.

పైనున్న ఫ్యాను ఆ హాల్లోని దూదిపీచునంతా తిప్పుతూ ఉంటుంది. అందులోంచి ఒక పీచు వచ్చి చెకింగ్ అక్క ఎడమకంట్లో పడింది. నలిపింది, నీళ్ళు కారాయి, రుమాలుతో ఒత్తుకుంది. బల్ల మీద చొక్కాలు పేరుకుపోతున్నాయి. ఆగడానికి వీల్లేక ఎడమకన్ను మూసే ఉంచి, కుడికన్నుతోనే గురి చూసింది.

చార తిన్నగా ఉంది.

గీసిన గీతలా రొమ్ము మీదినుంచి జేబులోకి, జేబులోంచి మళ్ళీ రొమ్ము మీదికి దిగిపోయింది. అంత చక్కటి జేబు ఈ వారంలో చూడలేదనుకుంది. పీచు పోయాక ఎడమకన్ను తెరిచి, కుడిది మూసింది. అదే జేబు, అదే చార. పొట్ట ఉబ్బింది. మళ్ళీ కన్ను మార్చింది. తిన్నగా ఉంది. మార్చింది. వంగింది.

ఆమె లేచి తోపుడుబండి దగ్గరికి వెళ్ళింది. నిన్నటి చొక్కాల్లో సగం అప్పటికే విప్పేశారు. మిగిలినవి ఒక్కొక్కటే తీసి, వీపు హాలు వైపు తిప్పుకుని, కుడికన్నుతో చూసింది. టపాకాయ జేబులు. ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు. రెండు కళ్ళూ తెరిచి తిరిగినంతకాలం, ఇంట్లో పెద్దకొడుకు చిన్నవాడి అల్లరి కప్పిపుచ్చినట్టు, కుడికన్ను ఎడమదాని తప్పును దాచిపెట్టింది. గురి చూసినప్పుడు మాత్రం ఆమె ఆ పెద్దవాణ్ణి మూసేసి చిన్నవాణ్ణి నమ్మింది.

మొదట సిగ్గేసింది. భయం ఆ తర్వాత వచ్చింది. ఒంట్లో షుగరు ఉందని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. దాన్ని ఇంటికొచ్చిన దూరపు చుట్టంలా చూసేది, వేళకింత మాత్ర పడేస్తే తన మానాన తను పడి ఉంటుందని. అరికాళ్ళు మంటలెత్తినప్పుడు ఇది షుగరు పని అనుకుంది. అది కళ్ళదాకా నడిచి వచ్చిందని ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

ఇన్‌ఛార్జి బోర్డు మీద అంకెలు మారుస్తుంటే వెళ్ళి పక్కన నిలబడింది. “సార్, జేబులు తిన్నగానే ఉన్నాయి. నా కన్నే వంకర.”

అతను సుద్దముక్క పట్టుకుని అటూ ఇటూ చూశాడు. “అక్కా, నెమ్మదిగా. ఎవరైనా వింటారు.”

“వినాలనే చెబుతున్నా.”

“ఒక పని చేద్దాం. బట్ట కోతలోనే తేడా వచ్చిందని నేను చెప్తాను. ఆ అమ్మాయిని రేపో ఎల్లుండో మిషను మీదికి పిలుస్తాను. ఎవరికీ ఏ బాధా ఉండదు. కన్ను సంగతి బయటికొస్తే మీ కుర్చీ ఉంటుందా, చెప్పండి?” మంచితనంతోనే అన్నాడు.

“కోత బల్ల దగ్గరివాళ్ళేం పాపం చేశారు, వాళ్ళ మీద వెయ్యడానికి?”

ఆమె బండిలోంచి ఒక చేతినిండా చొక్కాలు తీసుకుని హాలు మధ్యనుంచి నడిచింది. దారాల బల్ల దగ్గర టపాకాయ తల వంచుకుని కఫ్ అంచున వేలాడే పోగులు కత్తిరిస్తోంది. చొక్కాలు ఆమె ముందు పడ్డాయి.

“నీ జేబులన్నీ తిన్నగా ఉన్నాయి. తప్పు చూసింది నా ఎడమకన్ను,” అంది చెకింగ్ అక్క, మిషన్ల చప్పుడు దాటి వినిపించేలా. “చెప్పాల్సిన చోట చెప్పాను. నీ మిషను దగ్గరికి నువ్వు వెళ్ళు.”

దగ్గరి మిషన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దం ఒక లైను నుంచి ఇంకో లైనుకు పాకింది. టపాకాయ కత్తెర కింద పెట్టలేదు.

“నిన్నటినుంచీ నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకు నవ్వుకున్నారు అందరూ. వాళ్ళ మొహాలకి కూడా బాణాలు వేస్తావా?”

“వేస్తా. ముందు నా మొహానికి వేసుకోనీ.”

చూపుడువేలికి సిద్ధంగా అంటించుకున్న స్టిక్కరు ఒలిచి, ఎడమకన్ను కింద చెంప మీద, బాణం మొన కంటివైపు ఉండేలా అంటించుకుంది. ఎవరూ నవ్వలేదు. ఆ స్టిక్కరుతోనే తన కుర్చీకి తిరిగి వెళ్ళి, ఎడమకన్ను మూసి, సాయంత్రం దాకా కుడికన్నుతో పని చేసింది. కంటి డాక్టరు దగ్గర్నుంచి కాగితం తెచ్చేదాకా ఆ కుర్చీ సంగతి తాను హామీ ఇవ్వలేనని ఇన్‌ఛార్జి రెండుసార్లు వచ్చి చెప్పాడు. రెండుసార్లూ ఆమె తర్వాతి చొక్కా పరుచుకుంది. టపాకాయ జేబుల మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుంది గానీ ఆమెతో మాట్లాడలేదు.

కంటి ఆసుపత్రికి భర్త వచ్చాడు, కొడుకు వచ్చాడు. భర్త బస్సుల షెడ్డులో మెకానిక్కు. కొడుకు ఫోన్లు బాగుచేసే కొట్టులో పనివాడు. లోకంలో తెలుసుకోదగినదంతా చేతిలోని ఫోను అద్దం వెనకే ఉందని వాడి నమ్మకం. కంటిపాపలు పెద్దవయ్యే చుక్కలు వేసి, కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. ఆ తర్వాత గడ్డం ఆనించి ఒక యంత్రంలోకి చూడమన్నారు. ఒక నర్సు చిన్న చిన్న గళ్ళు గీసిన కాగితం చూపించి, ఒక్కో కన్ను మూసి మధ్యలో చుక్క మీదే చూపు పెట్టమంది. కుడికంటికి గళ్ళు గళ్ళలాగే ఉన్నాయి. ఎడమకంటికి మధ్య గళ్ళను ఎవరో లోపలినుంచి వేలితో పొడిచినట్టు ఉంది.

డాక్టరమ్మ కంప్యూటరు తెరను తిప్పింది, కొడుకు వైపు. అడిగేది వాడే కాబట్టి వాడి వైపే తిరిగింది.

“చూడండి, ఇది కంటి వెనక పొర. మనం తిన్నగా చూసేది, చదివేది ఈ మధ్యచోటుతో. షుగరు వల్ల ఇక్కడి సన్నటి నాళాలు నీరు కారుస్తున్నాయి. అందుకే ఇలా ఉబ్బింది. కుడికంట్లో ఇప్పుడే మొదలైంది. దానికి ప్రస్తుతం ఏమీ అక్కర్లేదు, కానీ కనిపెట్టి ఉండాలి.”

“వైద్యం ఏంటండీ?” అన్నాడు కొడుకు.

“దారులు మూడు నాలుగున్నాయి. కంట్లోకి మందు ఇంజెక్షన్ ఇవ్వడం ఒకటి. మొదట్లో నెలనెలా, ఆ తర్వాత కంటిని బట్టి ఎడం పెంచుకుంటూ పోతాం. లేజర్‌తో కారే చోట్లను కాల్చడం ఇంకొకటి. స్టెరాయిడ్ మందు లోపల పెట్టొచ్చు, అది ఎక్కువకాలం పనిచేస్తుంది గానీ కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం తొందరగా రావచ్చు. రక్తం కారి చూపుకు అడ్డం పడితే ఆపరేషన్ దాకా పోవాలి, ఇక్కడ ఆ అవసరం లేదు. ఏది చేసినా షుగరూ బీపీ అదుపులో పెట్టుకోకపోతే కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టే.”

“లేజర్ ఒకసారితో అయిపోతుందా?”

“ఒకసారి, మహా అయితే ఇంకోసారి. కానీ దానితో ఇంకా పాడవకుండా ఆగడమే ఎక్కువ. తగ్గిన చూపు తిరిగి రావడానికి ఇంజెక్షన్...”

“అయితే లేజరే చేద్దామండీ,” అన్నాడు భర్త, షెడ్డులో బండికి ఏ భాగం మార్చాలో చెప్పినట్టు.

చెకింగ్ అక్క నోరు తెరిచింది. చుక్కల వల్ల ముగ్గురి మొహాలూ వెలుగులో కరిగి, ఎవరి కళ్ళలోకి చూసి మాట్లాడాలో తెలియలేదు. ఈలోగా బయట ఇంకొకరి పేరు పిలిచారు. ఆలోచించుకుని చెప్పండని డాక్టరమ్మ లేచింది. జేబు ఎటు కావాలని చొక్కాను ఎవరూ అడగరు. బల్ల మీద పరిచి మాట్లాడుకుంటారు, అంతే. ఇంటిదాకా ఆమెకు ఆ ఆలోచనే.

ఆ సాయంత్రం కంచాల ముందు కూర్చున్నాక కొడుకు చెప్పాడు. “శనివారానికి లేజర్ బుక్ చేసేశానమ్మా. నాకూ నాన్నకీ ఆ రోజే వీలవుతుంది.”

“ఇంజెక్షన్ సంగతి ఆవిడ ఏదో చెప్పబోయింది. మీరు వినిపించుకోలేదు.”

“నెలనెలా ఎవరమ్మా తిరిగేది? కంటికి కట్టు కట్టి పంపుతారు, తోడు లేకుండా వెయ్యరు. నాకు అన్నిసార్లు సెలవిస్తారా?”

“కంట్లో సూది ఏంటే, వింటుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది,” అన్నాడు భర్త. “గుడ్డికన్నా మెల్ల మేలు. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టుకుంటే చాలు. ఇంకో కన్ను బాగానే ఉందన్నారుగా. ఆ ఫ్యాక్టరీ కూడా మానేసెయ్. ఎన్నాళ్ళని చేస్తావ్? ఇంట్లో పనికి ఒక కన్ను చాలు.”

అతను కోపంతో అనలేదు. ప్రేమగానే అన్నాడు, కూర ఇంకాస్త వేసుకుంటూ అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో తన కంటికి ఈయన కట్టిన విలువ ఇదన్నమాట, కూర మాడకుండా చూసేంత.

గరిటె గిన్నెలో పెట్టింది. “ఇంట్లో పనికి ఒక చెయ్యి కూడా చాలు. రెండోది కోసేద్దామా?”

కొడుకు నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయాడు. “నీ మంచికే కదే చెప్పేది,” అన్నాడు భర్త. ఆ మాట పుట్టినప్పటినుంచీ వింటూనే ఉంది. నీ మంచికే అన్నవాళ్ళు ఒక్కరూ నీకేం కావాలని అడగలేదు. ఆమె కంచాలు తీసింది. ఆమె ఊరుకుంది కాబట్టి ఒప్పుకుందనుకుని ఇద్దరూ నిశ్చింతగా చేతులు కడుక్కున్నారు.

తోడు లేకుండా సూది వెయ్యరు. ఆ ఒక్క ముడి విప్పాలి. మర్నాడు పొద్దున టీ విరామంలో చెకింగ్ అక్క తిన్నగా జేబుల మిషను దగ్గరికి వెళ్ళింది. అడగడానికి హాల్లో చాలామంది ఉన్నారు. కాలర్ల ఆవిడ పిలవగానే వస్తుంది. కానీ వాళ్ళంతా అయ్యో అంటారు. అయ్యో అనేవాళ్ళను వెంటబెట్టుకుంటే సగం దారిలోనే ఏడుపొచ్చి వెనక్కి తిరగాల్సి వస్తుంది.

“రేపు నాతో కంటి ఆసుపత్రికి రా,” అంది.

టపాకాయ దారం కొస నోట్లో తడిపి సూదిలోకి ఎక్కిస్తూ, “మీ ఇంట్లో మగాళ్ళు ఏమయ్యారు?” అంది.

“వాళ్ళు శనివారం తీసుకెళ్తారట, వాళ్ళకి నచ్చిన వైద్యానికి. నాకు కావలసిందానికి నేను ముందే వెళ్తున్నా.”

“మధ్యలో నేనెందుకు రావాలి?”

“నేనంటే నీకు జాలి లేదు కాబట్టి.”

టపాకాయ సూది వైపే చూస్తూ ఆలోచించింది. “అది నిజమే,” అంది. దారం ఎక్కాక, “పొద్దున్నే వెళ్దాం. మధ్యాహ్నానికి నేను మిషను మీద ఉండాలి,” అంది.

ఆసుపత్రి కిటికీ దగ్గర నర్సు కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపింది. “మీకు లేజర్ అని ఉందమ్మా, శనివారం. మీ అబ్బాయిగారు చెప్పారు.”

“కన్ను మా అబ్బాయిది కాదమ్మా. డాక్టరమ్మతో మాట్లాడాలి.”

“ఈవిడ మీకేమవుతారు?”

“ఈవిడ మీద నాకు పగుంది,” అంది టపాకాయ. “అందుకే తోడొచ్చా. వదిలిపెట్టి పోనులే, రాసుకో.”

డాక్టరమ్మ ఈసారి ఎవరి వైపు తిరగాలో తెలియనట్టు ఒక్క క్షణం ఇద్దర్నీ చూసింది. చెకింగ్ అక్క కుర్చీ ముందుకు లాక్కుంది. చుక్కలు వెయ్యకముందే వచ్చింది కాబట్టి డాక్టరమ్మ మొహం స్పష్టంగానే కనిపిస్తోంది.

“నేను బట్టల ఫ్యాక్టరీలో కుట్లు చూస్తానమ్మా. చార తిన్నగా ఉంటే తిన్నగా, వంకరుంటే వంకరగా కనిపించాలి నాకు. మీరు చెప్పిన వాటిలో దేనితో దానికి వీలెక్కువ?”

“ఇంజెక్షన్‌తో. మీ కంటికి మొదట చెయ్యాల్సింది అదే. ఖచ్చితంగా మునుపటిలా అవుతుందని మాట ఇవ్వలేను. కొందరికి కొంత వంకర మిగిలిపోతుంది. కానీ చూపు మెరుగయ్యే అవకాశం దానితోనే ఎక్కువ.”

“ఈ మాట మొన్న ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెప్పానే. మీ అబ్బాయికి...” డాక్టరమ్మ ఆగింది. మేజా మీది కలాన్ని అటు జరిపి, ఇటు జరిపింది. తర్వాత కంప్యూటరు తెరను చెకింగ్ అక్క వైపు పూర్తిగా తిప్పింది. “మళ్ళీ మొదట్నుంచీ చెబుతాను. మధ్యలో ఏదైనా అడగండి.”

అడిగింది. సూది కంట్లో ఎక్కడ దిగుతుందని అడిగింది. నల్లగుడ్డు పక్కన తెల్లభాగంలోనని చెప్పింది డాక్టరమ్మ. పని ఎన్నాళ్ళు మానాలని అడిగింది. ఒకటి రెండు రోజులు కన్ను నలపకుండా, దుమ్ము పడకుండా చూసుకుంటే చాలంది. ప్రమాదం ఏమిటని అడిగింది. లోపల చీము పట్టడం, అది చాలా అరుదు, కానీ నొప్పి పెరిగినా చూపు తగ్గినా ఏ వేళయినా పరుగెత్తి రావాలని చెప్పింది. డాక్టరమ్మ కూడా అడిగింది, ఈ మధ్య గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చిందా అని. రాలేదంది. టపాకాయ వెనకనుంచి, “నెలనెలా అంటున్నారు, ఒక నెల మానేస్తే?” అంది. మానేస్తే మళ్ళీ ఉబ్బుతుంది, మొదటికొస్తుంది అంది డాక్టరమ్మ.

“మానదులే,” అంది టపాకాయ. “నేనున్నాగా.”

శనివారం లేజర్ అన్నదాన్ని డాక్టరమ్మ అక్కడే కొట్టేయించింది, ఇన్‌ఛార్జి అడిగిన కాగితమూ రాసిచ్చింది.

ఆ పూటే సూది వేసే గదిలోకి తీసుకెళ్ళారు. లోపల చల్లగా ఉంది. మొద్దుబారే చుక్కలు వేశారు. గోధుమరంగు మందుతో రెప్పలు కడిగారు. మధ్యలో చిల్లు ఉన్న గుడ్డ మొహం మీద కప్పి, కన్ను మూసుకుపోకుండా చిన్న తీగ క్లిప్పు పెట్టారు. అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది ఆ క్లిప్పే. రెప్ప వెయ్యడం కూడా తన చేతిలో లేకపోయిందే అనుకుంది. లేచి వెళ్ళిపోవాలనిపించింది. శనివారమైతే తనను ఎవరూ ఏమీ అడగరు, తప్పు జరిగినా అది తన తప్పు కాదు అని కూడా అనిపించింది. ఆ ఆలోచన రాగానే బల్ల అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

“పైకి చూడండి,” అన్నారు. చూసింది. కంటి మీద ఎవరో బొటనవేలితో నొక్కినట్టయింది. చూపులో నల్లటి బుడగలు కొన్ని గిరగిరా తిరిగాయి.

“అయిపోయిందమ్మా.”

“ఇంతేనా? మిషను సూది వేల్లో దిగితే ఇంతకు నాలుగింతలుంటుంది.”

కంటి మీద ప్లాస్టిక్ మూత పెట్టి టేపు అంటించారు. బయటికొస్తే టపాకాయ ఆమె చీర కొంగు అంచు పట్టుకుంది, చెయ్యి పట్టుకోలేదు. మెట్లు వచ్చినప్పుడల్లా మెట్టు అంది, గుంట వచ్చినప్పుడల్లా గుంట అంది, అంతకుమించి మాట్లాడలేదు. బస్సు దిగి సందు మొదట్లోకి వచ్చాక, “పగ తీరిందనుకోకు,” అని చెప్పి, మిషను వేళ అయిందని చరచరా నడిచి వెళ్ళిపోయింది.

భర్త షెడ్డు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే ఆ మూత చూశాడు. ఒక చెప్పు కాలికే ఉండిపోయింది.

“ఏంటే ఇది? మమ్మల్ని అడక్కుండా కంట్లో సూది పొడిపించుకున్నావా?”

“మీరు నన్నడక్కుండా కాల్పించబోయారుగా.”

“నీకేమన్నా అయితే?”

“అయితే నా కన్నే పోతుంది, మీది పోదు. భయపడింది నేను, బల్ల మీద పడుకుంది నేను. మీరెందుకు చెమటలు పట్టించుకుంటారు?”

కొడుకు వచ్చి ఫోను తీసి, ఇంజెక్షన్ల గురించి ఎవరెవరో ఏమేమి రాశారో చదవబోయాడు. ఆమె వాడి చేతిలోంచి ఫోను తీసుకుని, బోర్లా పెట్టింది. “నన్నడుగు, చెబుతా. ఇవాళ నాకు అన్నీ చెప్పారు.” వాడు ఫోను తీసుకుని లోపలికి పోయాడు. భర్త రెండో చెప్పు విప్పి, గుమ్మంలోనే చాలాసేపు కూర్చున్నాడు. మొగుడికీ కొడుకుకీ కోపమొస్తే బతిమాలడం ఆమెకు అలవాటు. ఆ అలవాటు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

పొద్దున మూత తీసి, చుక్కలమందు సీసా పట్టుకుని అద్దం ముందు తల వెనక్కి వంచింది. మొదటి చుక్క ముక్కు మీద పడింది, రెండోది చెవి వైపు జారింది. మూడోసారి ఎత్తిన సీసాను వెనకనుంచి ఒక చెయ్యి అందుకుంది. గ్రీజు ఎంత తోమినా వదలని గోళ్ళు. ఇరుకు సందులోని బేరింగుకు కూడా చుక్క తప్పకుండా నూనె వెయ్యగల చెయ్యి అది. ఒక్క చుక్క, తిన్నగా కంట్లో పడింది.

“కనిపిస్తోందా?” అన్నాడు భర్త.

ఆమె కుడికన్ను మూసి గుమ్మం వైపు చూసింది. గుమ్మం నిలువు చెక్క మధ్యలో ఇంకా వంగే ఉంది. నిన్నటికన్నా తగ్గిందో, తగ్గాలన్న ఆశో తెలియలేదు. ఆశను లెక్కలోకి తీసుకోదలచుకోలేదు.

“వంకరగానే ఉంది.”

“మరి?”

“మళ్ళీ నెల వెళ్తా. ఆ పై నెలా వెళ్తా. తిన్నగా అయ్యేదాకానో, ఇక కాదని డాక్టరమ్మ నా మొహం చూసి చెప్పేదాకానో.”

అతను సీసా మూత తిప్పుతూ నిలబడ్డాడు. బిగిసిన మూతనే ఇంకా బిగిస్తున్నాడు. ఆమె దుమ్ము పడకుండా అద్దాలు పెట్టుకుని, పనికి వెళ్ళే సంచీ భుజాన తగిలించుకుంది. ఈ కన్నుతో పనికి పోవడమేమిటని అతని నోటిదాకా వచ్చినట్టుంది. దాన్ని అక్కడే ఆపి వేరే మాట వెతుక్కున్నాడు.

“ఈసారి నేనొస్తా. షెడ్డులో చెప్పి సెలవు పెడతా.”

“రండి.”

అతని మొహం కాస్త తేటపడింది. “డాక్టరమ్మతో నేను కూడా మాట్లాడితే...”

“లోపలికి టపాకాయ వస్తుంది. బయట బెంచీలుంటాయి, మీరు అక్కడ కూర్చోవచ్చు.”

టపాకాయ ఎవరని అతను అడగలేదు. అరచేతిలోని సీసాను చూసుకుని, “ఎంతసేపు కూర్చోవాలి?” అన్నాడు.

“నేను బయటికొచ్చేదాకా,” అని చెప్పి ఆమె గుమ్మం దాటింది.